చీటీలో వచ్చిన ఊరు

మనం ఊళ్ళు తిరిగేది మూడింటి కోసం. చుట్టాలుంటే వెళ్తాం, దేవుడుంటే వెళ్తాం, పనుంటే వెళ్తాం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్ళని ఎవరినైనా, మీ వైపు ఏమేం చూశారని అడిగి చూడండి. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, రామతీర్థం, పైడితల్లమ్మ సిరిమాను, కళింగపట్నం బీచి. ఈ పేర్లు గడగడా వచ్చేస్తాయి. ఆ తర్వాత మేనత్తగారి ఊరు, ఆడపిల్లనిచ్చిన ఊరు, ఉద్యోగం చేసిన ఊరు. అక్కడితో సరి. మిగిలిన వేల ఊళ్ళు మనకి బస్సు కిటికీలోంచి వెనక్కి వెళ్ళిపోయే బోర్డులే. పుట్టిన జిల్లా మనకి తెలుసనుకుంటాం. తెలిసింది నాలుగు రోడ్లూ, ఆ రోడ్ల చివర ఉన్న గుళ్ళూ.

ఈ రోజు నేను మాట్లాడబోయేది నాలుగో దారి గురించి. చుట్టం లేకుండా, మొక్కు లేకుండా, పని లేకుండా, చీటీలో పేరొచ్చింది కాబట్టి ఒక ఊరికి వెళ్ళడం గురించి.

పద్ధతి చాలా సులువు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీకాకుళంలో 30 మండలాలు, విజయనగరంలో 27, పార్వతీపురం మన్యంలో 15 ఉన్నాయి. అంతా కలిపితే 72. డెబ్బై రెండు కాగితం ముక్కల మీద ఆ పేర్లు రాసి, మడిచి, డబ్బాలో వేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ చేత ఒకటి తీయించండి. మండలం తేలింది. ఇక ఊరు తేలాలి. ఆ మండలంలోని ఊళ్ళ జాబితా ముందు పెట్టుకుని, జేబులోంచి ఒక నోటు తీసి దాని నంబరులో చివరి రెండు అంకెలు చూడండి. జాబితాలో ఆ వరస మీద ఏ ఊరుంటే ఆ ఊరు. జాబితా అంత పొడుగు లేకపోతే ఇంకో నోటు తీయండి. శ్రీకాకుళంలో ఉన్నవాళ్ళకి ఇంకా తేలిక పద్ధతి ఒకటుంది. ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి ఒకటి నుంచి ఏడు వరకు చీటీ వేసుకుని, వచ్చిన రోడ్డు పట్టుకుని నడవడమే. నియమం ఒక్కటే ఉంది, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోవాలి. వచ్చిన చీటీని మార్చకూడదు. ఆ ఊళ్ళో ఏముంటుందిలే అని ఇంకోటి తీశారంటే, మళ్ళీ మన ఇష్టాయిష్టాలే మనని నడిపిస్తున్నాయన్నమాట.

ఇదంతా పనీపాటా లేనివాళ్ళ కాలక్షేపమని అనిపించవచ్చు. కానీ ప్రభుత్వం ఏటా చాలా శ్రద్ధగా చేసే ఒక పని అచ్చంగా ఇదే. రైతులకి తెలిసే ఉంటుంది, పంటకోత ప్రయోగం. ఎకరానికి దిగుబడి ఎంతో తేల్చడానికి ఏ ఊరికి వెళ్ళాలో, ఆ ఊళ్ళో ఏ సర్వే నంబరులోకి దిగాలో లాటరీ అంకెలే చెబుతాయి. ఉద్యోగి ఆ పొలానికి వెళ్ళి నైరుతి మూల నిలబడతాడు. పొడుగు ఎన్ని అడుగులో, వెడల్పు ఎన్ని అడుగులో నడిచి చూసుకుంటాడు. ఆ మూల నుంచి అటు ఎంత, ఇటు ఎంత వెళ్ళాలో మళ్ళీ అంకెలే నిర్ణయిస్తాయి. అవి చూపించిన చోట మేకు దిగ్గొడతాడు. అక్కడి నుంచి ఐదు మీటర్ల పొడుగు, ఐదు మీటర్ల వెడల్పు తాడు కట్టి, వరైతే వరి, ఆ చదరంలో ఉన్నంత మట్టుకు కోయించి, నూర్పించి, తూకం వేస్తారు. పంటల బీమా లెక్కలకి కూడా ఇలాంటి తూకాలు ఆధారమవుతాయి.

ఎందుకంత తంటా? గట్టు మీద నిలబడి చూస్తే తెలియదా అంటే, తెలియదు. ఉద్యోగిని ఎంచుకోమంటే రోడ్డు పక్క మడిని ఎంచుకుంటాడు. రైతు చూపిస్తే, ఆ ఏడాది అవసరాన్ని బట్టి బాగా పండిన మడో, ఎండిన మడో చూపిస్తాడు. ఇందులో ఎవరిదీ దుర్బుద్ధి కానక్కర్లేదు. మనిషి చూపు అటే పోతుంది, అంతే. చూపు పోని చోటికి కూడా న్యాయం జరగాలంటే ఎంపికని అంకెలకి అప్పగించాలి. మన దేశంలో ఈ ఆలోచనని ఒక శాస్త్రంగా నిలబెట్టినవారు కలకత్తాలోని ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1930ల చివర్లో బెంగాల్లో జనపనార సాగు ఎంతో తేల్చడానికి ఆయన ఈ దారే పట్టారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే కూడా ఆయన చలవే. ఆ సర్వే ఉద్యోగులు ఈనాటికీ అంకెలు చూపించిన ఊళ్ళకే వెళ్తారు. మన విశాఖలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, మహలనోబిస్ దగ్గరకి వెళ్ళి, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయినవారు సి.ఆర్. రావు. ఈ విద్యలో మన వాకిట్లోంచి వెళ్ళినవారి పాలూ ఉంది.

రాబర్ట్ ఛాంబర్స్ అనే ఇంగ్లండు పండితుడు ఒకాయన పల్లెల గురించి 1983లో ఒక పుస్తకం రాశారు. పల్లెటూళ్ళని చూడవచ్చే పట్నంవాళ్ళు తారు రోడ్డు పక్కన ఉన్నవాటినే చూసి వెళ్ళిపోతారని అందులో ఆయన ఆవేదన. రోడ్డు పక్క ఇళ్ళు పెంకుటిళ్ళయినా అయి ఉంటాయి, వెనక వీధిలో ఏముందో వాళ్ళకి తెలియదు. ఇంకో మాట కూడా అన్నారాయన. వచ్చేవాళ్ళు వానలు వెలిశాక, చల్లని రోజుల్లో వస్తారు. పల్లెలో చేతిలో డబ్బు ఆడని రోజులు, జ్వరాలొచ్చే రోజులు, దారులు తెగే రోజులు వానాకాలంలో ఉంటాయి. అప్పుడు ఎవరూ రారు. చీటీ వేసుకునేవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఊరిని లాటరీలో తీసి, రోజుని మాత్రం సంక్రాంతి సెలవుల్లో పెట్టుకుంటే సగమే చూసినట్టు. గెడ్డ పొంగి, అవతలి ఒడ్డు పిల్లలు బడికి రాలేని రోజున కూడా ఒకసారి వెళ్ళాలి.

ఇదే ఆలోచనని ఆటలా మార్చినవాళ్ళూ ఉన్నారు. 2008 మే నెలలో రాండల్ మన్రో అనే అమెరికన్ బొమ్మల కథల రచయిత ఒక తమాషా లెక్క ప్రకటించాడు. భూమిని అక్షాంశ రేఖాంశాల గళ్ళుగా విడదీసి, ఆనాటి తేదీనీ, వాళ్ళ షేర్ మార్కెట్ డౌ జోన్స్ సూచీ ఆ పూట ఏ అంకెతో మొదలైందో ఆ అంకెనీ కలిపి ఒక గణితం చేస్తే, ప్రతి గడిలోనూ రోజుకొక చోటు తేలుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు ఆ చోటికి వెళ్ళి వస్తారు. ఆ లెక్కన మన ప్రాంతం ముఖ్యంగా రెండు గళ్ళలో పడుతుంది. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం పట్నం ఒక గడి. టెక్కలి, పలాస, సోంపేట ఇంకో గడి. ఇచ్ఛాపురం కాస్త పైకి జరిగి మూడో గడిలోకి వెళ్ళిపోతుంది. టెక్కలి గడిలో సగానికి పైగా సముద్రమే. చోటు సముద్రంలో పడిన రోజున ఒడ్డు దాకా వెళ్ళి ఆగాలి. అది కూడా మంచిదే. అలాంటి ఒడ్డుల్లోనే నౌపడ ఉప్పు మళ్ళున్నాయి. రైల్లో వెళ్తూ తెల్లటి కుప్పలు అందరూ చూసినవే. దిగి చూస్తే గానీ ఆ పని తెలియదు. పాయలోంచి సముద్రపు నీటిని ముందు ఒక పెద్ద మడిలోకి పెడతారు. అక్కడ ఎండకి కొంత చిక్కబడ్డాక ఇంకో మడిలోకి, అక్కడి నుంచి ఇంకో చిన్న మడిలోకి వదులుతారు. చివరి మళ్ళలో పేరుకున్న ఉప్పుని పొడుగాటి కర్రలతో గోకి గట్టుకి లాగుతారు. ఒక్క వాన అకాలంలో పడిందంటే రోజుల కష్టం కరిగి నీళ్ళలో కలుస్తుంది. ఎండలో, ఉప్పునీళ్ళలో వట్టి కాళ్ళతో నిలబడి ఆ పని చేసే మనుషులతో ఒక పూట మాట్లాడాక, కంచంలో ఉప్పు వేసుకునేటప్పుడు వాళ్ళు గుర్తుకు రాకుండా ఉండరు.

చీటీలు నాకు చూపించిన వాటిలో కొన్ని చెబుతాను. బాడంగి చీటీ వచ్చినప్పుడు, చుట్టూ పొలాల మధ్య రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన పాత రన్‌వే చూశాను. బొబ్బిలి అంటే 1757 నాటి యుద్ధం, కోట, పనస కర్రతో చేసే గొల్లపల్లి వీణ అని అందరం చెప్పుకుంటాం. బొబ్బిలికి అంత దగ్గరలో ప్రపంచ యుద్ధం తాలూకు ఆనవాలు ఇంకోటి ఉందని ఎంతమందికి తెలుసు?

గరివిడి వైపు ఇంకో చీటీ తీసుకెళ్ళింది. ఆ పక్కనే కోడూరు. అక్కడ మాంగనీసు తవ్వకం 1892లోనే మొదలైంది. దేశంలో మొట్టమొదట మాంగనీసు తవ్వింది మన విజయనగరం ప్రాంతంలోనే. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాళ్ళని పరిశోధించి, వాటిలో ఒక రకం రాతికి ఈ ఊరి పేరే పెట్టాడు. కోడూరైట్ అంటారు. దేశదేశాల్లో భూగర్భ శాస్త్రం చదివేవాళ్ళ పుస్తకాల్లో మన కోడూరు ఉంది. మన బడి పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే చీటీ ప్రతిసారీ ఇలా చెప్పుకోదగ్గ చోటికే చేర్చదు. చాలాసార్లు చేర్చేది ఏ పుస్తకంలోనూ లేని ఊరికి. నాకు ఎక్కువ విలువైనవి అవే. సంతకవిటి మండలంలో అలాంటి ఒక ఊరికి వెళ్ళాను. పేరు చెప్పను, ఎందుకంటే ఏ ఊరైనా అలాగే ఉంటుంది. బస్సు దిగగానే రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు.

“ఎవరి తాలూకా బాబూ?”

మన వైపు ఇది మొదటి ప్రశ్న. ఎవరింటికి వచ్చావు, ఎవరి మనిషివి అని. చుట్టాల ఇంటికి వెళ్ళినవాడికి జవాబు సిద్ధంగా ఉంటుంది. చీటీ పట్టుకుని వెళ్ళినవాడికి ఉండదు. ఎవరి తాలూకా కానూ, ఊరు చూద్దామని వచ్చానన్నాను. ఆయన నమ్మలేదు. పక్కనున్న కుర్రాడు, భూములు కొనడానికొచ్చారేమోనన్నాడు. భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి చేతిలో కాగితం ఉన్న కొత్త మనిషి కనిపిస్తే అనుమానం రావడం సహజం. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టి, పక్కన కూర్చున్నాను.

“మా ఊర్లో సూడ్డానికేటుంది మాస్టారూ? రామతీర్థమెల్లండి, బాగుంటాది” అన్నాడు పెద్దాయన.

ఈ మాట కూడా ప్రతి ఊళ్ళో వింటాం. మా ఊళ్ళో ఏముంది అని. ఇంతకాలం ఎవరూ వాళ్ళ ఊరు చూడటానికి రాకపోవడం వల్ల వచ్చిన మాట అది. నేను చెరువు చూపించమన్నాను. చెరువంటే ఆయన ముఖం మారింది. లేచి కర్ర తీసుకున్నాడు. గట్టు వెంట నడుస్తూ, నీళ్ళు వదిలే మదుములు ఒక్కొక్కటీ చూపించాడు. ఏ మదుము కింద ఎవరి మళ్ళున్నాయో, నీళ్ళు తక్కువైన ఏడు వంతులు ఎలా వేసుకునేవారో, చివరి మడికి నీరందడానికి రాత్రుళ్ళు ఎవరు కాపలా ఉండేవారో చెప్పాడు. ఒకప్పుడు ఈ చెరువులో గోగు కట్టలు ఊరబెట్టేవారట. నార తీసే రోజుల్లో ఊరంతా ఆ వాసనేనట. గోగు వేయడం తగ్గిపోయి, కుర్రాళ్ళు హైదరాబాదుకీ, విజయవాడకీ కట్టుబడి పనులకి వెళ్ళిపోయాక, గట్టు మరమ్మతుకి మనుషులే దొరకడం లేదన్నాడు. తాళం వేసిన ఇళ్ళు చూపిస్తూ, వీళ్ళు పండక్కొస్తారు, వీళ్ళు సంబరానికొస్తారు, వీళ్ళిక రారు అని లెక్క చెప్పాడు. ఆ ఊరి చరిత్ర అంతా ఆ గట్టు మీదే నాకు దొరికింది. వెళ్ళేటప్పుడు వాళ్ళింట్లో చోడి అంబలి ఇచ్చారు.

మన ప్రాంతంలో ఇలా తన చుట్టుపక్కల ఉన్నదాన్ని కళ్ళు తెరిచి చూసినవారిలో పెద్ద గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడికి అందరూ దణ్ణం పెట్టుకోవడానికి వెళ్తుంటే, ఆయన గోడల మీద ఉన్న శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించి నిలబడ్డారు. కొండల మీది సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది. కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. ఎన్నో తరాలుగా ఆ పక్కనుంచి జనం నడుస్తూనే ఉన్నారు. 1919లో అక్కడి బౌద్ధ అవశేషాలని గుర్తించి లోకానికి చెప్పింది పంతులుగారే. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు బయటపడ్డాయి. ఆయన చీటీలు వేయలేదు. కానీ పుట్టిన చోటుకి నాలుగు పక్కలా తిరిగి, ఇక్కడ ఏముంది అని అడగడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

ఎందుకింతగా చెబుతున్నానంటే, మనకి కొన్ని ఊళ్ళ పేర్లు కష్టం వచ్చినప్పుడు మాత్రమే తెలుస్తాయి. ఉద్దానం పేరు కిడ్నీ జబ్బుతో తెలిసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, కూలిన కొబ్బరి చెట్లు, జీడి తోటల ఫొటోలతో ఇంకొన్ని ఊళ్ళ పేర్లు తెలిశాయి. వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళిన మన జాలర్లు ఆ ఏడాదే పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వస్తే, ఎచ్చెర్ల తీరం గుర్తొచ్చింది. అంతకు ముందు ఆ ఇసకలో వాళ్ళు వలలు బాగుచేసుకుంటుంటే మనలో ఎందరం పక్కన కూర్చున్నాం?

సోంపేట బీల మాట చెప్పి తీరాలి. బీల అంటే ఎప్పుడూ నీరు నిలిచే పల్లపు నేల. చేపలుంటాయి, పక్షులు వస్తాయి, చుట్టుపక్కల ఊళ్ళ వరి మళ్ళకి ఆ నీరే ఆధారం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలని తలపెట్టినప్పుడు, కాగితాల మీద అది పనికిరాని నేల. ఊళ్ళవాళ్ళకి అది బతుకు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ నేలని ఒక్కసారి గట్టు మీద నడిచి చూసినవాళ్ళు ఎవరూ దాన్ని బంజరు అనలేరు. కాబట్టి గొడవ రాకముందే, ఏ అవసరమూ లేనప్పుడే, మన నేలని మనం చూసి ఉండాలని నా కోరిక. ఎక్కడికి ముందు వెళ్ళాలో మనకి తెలియదు కనక చీటీ కావాలి. డెబ్బై రెండు చీటీల్లో అరసవల్లి ఉన్న శ్రీకాకుళం మండలానికీ, ఎప్పుడూ వినని మండలానికీ హక్కు సమానం.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. ఆఖరి బస్సు ఎప్పుడో దిగగానే కనుక్కోండి. ఎవరి పొలంలోకైనా అడిగి వెళ్ళండి. ఫోనుతో ఫొటోలు తీసేముందు మనుషులతో మాట్లాడండి. ఆడవాళ్ళు స్నానం చేసే రేవు వైపు వెళ్ళకండి. సీతంపేట, కురుపాం వైపు కొండ ఊరు వస్తే, ఆ ఊరి మనిషి తోడు లేకుండా పైకి ఎక్కకండి. అక్కడి దేవతల చోట్లు, వాళ్ళ నమ్మకాలు వాళ్ళవి. కిళ్ళీ కొట్లో ఏదైనా కొనుక్కోండి. అంతే.

బడి పంతుళ్ళని ఒకటి అడగాలని ఉంది. మీ మండలంలోని ఊళ్ళ పేర్లతో తరగతిలో చీటీలు వేయించండి. పిల్లలు ఇద్దరిద్దరుగా, పెద్దవాళ్ళ తోడుతో, వచ్చిన ఊరికి వెళ్ళి చెరువు గురించి నాలుగు సంగతులు రాసుకురావాలి. చెరువు పేరేమిటి, మదుములెన్ని, ఆఖరిసారి ఎప్పుడు నిండింది, ఈ సంగతులు చెప్పిందెవరు. కథలు పోకూడదని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. ఎక్కడెక్కడి పత్రికలో, పుస్తకాలో వెతికి తెచ్చి అక్కడ చేర్చారు. మన చెరువుల కాగితాలకి అంత పెద్ద ఇల్లు అక్కర్లేదు, బడిలో ఒక బీరువా అర చాలు. మరుసటి ఏడు ఇంకో తరగతి చీటీలు వేస్తే, అదే ఊరు ఇంకొకరికి రావచ్చు. అప్పుడు పాత కాగితం తీసి ఇచ్చి, నీళ్ళు పెరిగాయో తగ్గాయో చూసి రమ్మని పంపండి.